కారు పీల్చుకున్న పొగ

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి ఉదయం పూట వెళ్తాం. అద్దాలు దించి ఉంటాయి, లోపల మల్లెపూల సెంటు కొట్టి ఉంటుంది, సీట్లు తళతళలాడుతుంటాయి. బేరం కుదిరి బండి ఇంటికొస్తుంది. వారం తిరక్కముందే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆపిన కారు తలుపు తీయగానే గుప్పున సిగరెట్ కంపు. మళ్లీ వాటర్ వాష్, మళ్లీ సెంటు డబ్బా. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు షరా మామూలే. ఆ కారులో ఆఖరి సిగరెట్ వెలిగి నెలలు గడిచి ఉండొచ్చు. పొగ పెట్టేవాళ్లే లేనప్పుడు ఈ వాసన రోజూ ఎక్కడినుంచి పుట్టుకొస్తోంది?

ఒక చిన్న కారు లోపల పట్టే గాలి సుమారు మూడు ఘనపు మీటర్లు. బరువు తూస్తే నాలుగు కిలోలు కూడా ఉండదు. అద్దాలన్నీ దించి రోడ్డు మీద వెళితే ఒకటి రెండు నిమిషాల్లో ఆ గాలంతా మారిపోతుంది. వాసన గాలిలోనే ఉంటే ఒక్క ప్రయాణంతో వదిలిపోవాలి. వదలడం లేదంటే అది కారు ఒంటికి పట్టిందన్నమాట. సీట్ల స్పాంజి, పైకప్పు లైనింగ్, కింది కార్పెట్, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, ఏసీ గొట్టాలు, ఇవన్నీ కలిసి ఇప్పుడు ఒక పెద్ద సిగరెట్ పీకలా పనిచేస్తున్నాయి. గాలికి చేసే వైద్యాలన్నీ విఫలం కావడానికి మూలం ఇక్కడే ఉంది.

పొగలో ఏముంటుంది, ఎటు పోతుంది

దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొన దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. అంత వేడిలోనూ పొగాకు పూర్తిగా కాలదు. సగం కాలి, సగం ఉడికి, ముక్కలైన పదార్థాలు పొగగా లేస్తాయి. ఆ పొగలో ఇప్పటిదాకా గుర్తించిన రసాయనాలు 7000కు పైనే. బీడీ అయితే పొగాకుతోపాటు తునికాకు కూడా కాలుతుంది.

పొగలో కొంత వాయువు, కొంత ఆ వాయువులో తేలే అతిసూక్ష్మమైన బిందువులు. ఈ బిందువుల్లో చాలావాటి సైజు మైక్రాన్‌లో నాలుగో వంతు ఉంటుంది. తల వెంట్రుకను అడ్డంగా మూడు వందల ముక్కలు చేస్తే ఒక ముక్క మందం అంత. ఇంత తేలికైనవి నేలకు దిగాలంటే చాలా కాలం పడుతుంది. ఈలోగా అవి బట్ట పోగుల మధ్యకు, స్పాంజి రంధ్రాల్లోకి, సీటు బెల్టు నేతలోకి చొరబడి తగిలినచోట అంటుకుంటాయి. జిగటగా ఉండే ఈ తారే, ముందు అద్దం లోపలి వైపు తడి బట్టతో తుడిచినప్పుడు పసుపు గోధుమ రంగు మరకగా వస్తుంది. రాత్రిపూట ఎదురు బండి లైట్లు పడితే అద్దం మసకగా కనిపించడానికీ అదే కారణం.

వాయువుల కథ ఇంకాస్త చిక్కైనది. తేలిగ్గా ఆవిరయ్యేవి మొదటి రోజే బయటికి పోతాయి. అసలు ఆవిరి కానివి ముక్కు దాకా రావు కాబట్టి వాసన వేయవు. బాధంతా మధ్యలో ఉన్న పదార్థాలతోనే. నికోటిన్‌నే తీసుకోండి. అది మరిగేది 247 డిగ్రీల దగ్గర. మామూలు వేడిలో ద్రవంగా ఉండటానికే మొగ్గుతుంది, అయినా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. ఒకచోట అంటుకుంటుంది, అక్కడినుంచి లేస్తుంది, ఇంకోచోట దిగుతుంది. నికోటిన్ సొంత వాసన అంత ఘాటైనదేమీ కాదు. అది కాలినప్పుడు పుట్టే పిరిడిన్ జాతి పదార్థాలు, పొగచూరిన వాసనకు మూలమైన ఫినాల్, గయాకాల్ లాంటివి, పుల్లటి ఆమ్లాలు, ఘాటు ఆల్డిహైడ్లు కలిసి ఆ పాతబడిన కంపును తయారుచేస్తాయి. వీటిలో చాలావాటిది కూడా అదే స్వభావం, అంటుకోవడం, లేవడం, మళ్లీ అంటుకోవడం.

ఆవకాయ డబ్బా చెప్పే సంగతి

ఏడాది పాటు ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా వాసన పోదు. అదే ఆవకాయ పింగాణీ జాడీలో పెట్టి ఖాళీ చేస్తే ఒక్క కడుగుతో శుభ్రమవుతుంది. తోమడంలో లోపం ఏమీ లేదు. జాడీ నున్నటి గాజుపూత లోపలికి నూనె, వాసన దిగలేవు. పైన ఉన్నది కడిగితే అయిపోయింది. ప్లాస్టిక్ అలా కాదు. దాని పొడవాటి అణుగొలుసుల మధ్య సందులుంటాయి. నూనెలాంటి గుణమున్న వాసన అణువులు ఆ సందుల్లోకి మెల్లగా జారుకుంటాయి. నీళ్లలో ఉప్పు కరిగినట్టే అవి ప్లాస్టిక్‌లో కరుగుతాయి. పీచు పైపైన తిరుగుతుంది, వాసన లోపల ఉంటుంది.

కారులో జరిగేదీ అచ్చంగా ఇదే. కిటికీ అద్దాలు జాడీ లాంటివి, తుడిస్తే వదులుతాయి. సీటు స్పాంజి, డ్యాష్‌బోర్డు, తలుపుల రెక్సిన్, కార్పెట్ నైలాన్, ఇవన్నీ డబ్బా బాపతు. ఏళ్లపాటు రోజుకు రెండో మూడో సిగరెట్లు కాల్చిన కారులో పొగ అణువులు పైపొర దాటి లోతుకు దిగిపోతాయి. ఇలా దిగడానికి, తిరిగి పైకి రావడానికి పట్టే కాలం లోతుతోపాటు మామూలుగా పెరగదు. లోతు రెట్టింపైతే కాలం నాలుగింతలవుతుంది. పొగతాగడం కొత్తగా మొదలైన కారు వాసన కొద్ది రోజుల్లో తగ్గడం, పదేళ్ల అలవాటున్న కారు వాసన ఏళ్ల తరబడి వెంటాడటం ఇందుకే.

లోపలికి దిగిన అణువులు బయటి గాలితో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. గాలి శుభ్రంగా ఉంటే స్పాంజిలోంచి కొన్ని బయటికొస్తాయి. గాలిలో తగినంత చేరగానే రాకపోకలు సమానమై, గాలిలో వాసన పెరగడం ఆగిపోతుంది. మనం అద్దాలు దించి ఆ గాలిని తోలేస్తే స్పాంజి మళ్లీ అంతే వదులుతుంది. వేడి ఈ వ్యవహారాన్ని ఉధృతం చేస్తుంది. ఇలాంటి పదార్థాలు ప్రతి పది డిగ్రీలకు దాదాపు రెండింతలుగా ఆవిరవుతాయి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల ఎండలో ఆపిన కారు లోపలి గాలి 60 డిగ్రీలు దాటుతుంది, డ్యాష్‌బోర్డు ఇంకా ఎక్కువ కాగుతుంది. తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర వచ్చే వాసనతో పోలిస్తే మధ్యాహ్నం ఏడెనిమిది రెట్లు ఎక్కువ లేస్తుందన్నమాట. వానాకాలంలో ఇంకో రకం. గాలిలో తేమ పెరిగినప్పుడు నీటి అణువులు బట్ట పోగుల మీద చోటు కోసం పోటీపడి, అక్కడ అంటుకుని ఉన్న వాసన అణువుల్లో కొన్నింటిని నెట్టేస్తాయి. ముసురు పట్టిన రోజు కారు కంపుకొట్టడం అందుకే.

---

బాక్సు: ముక్కు మరచిపోయే తీరు

మన ముక్కు పైభాగంలో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెలికితీసిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే గ్రాహకాలూ, మెదడూ దాన్ని పట్టించుకోవడం తగ్గించేస్తాయి. మార్పును కనిపెట్టడమే ముక్కు పని కాబట్టి, మారనిదాన్ని పక్కన పెట్టేస్తుంది.

కారు అమ్మే మనిషి "అబ్బే, వాసనేమీ లేదండీ" అంటే అతను అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు. రోజూ అందులో తిరిగేవాడికి నిజంగానే తెలియదు. పైగా పొగతాగేవాళ్లలో వాసన పసిగట్టే శక్తి కొంత మందగిస్తుంది. కొత్త సెంటు మొదటి రోజు అద్భుతంగా పనిచేసినట్టు అనిపించడం కూడా ముక్కుకున్న ఈ లక్షణం వల్లే. ముక్కు దృష్టి కొత్త వాసన మీదికి మళ్లుతుంది. అది పాతబడగానే, ఎండ తగలగానే, అడుగున ఉన్నది పైకొస్తుంది.

---

కంపు ఒక్కటే కాదు

వాసన భరించగలం, అలవాటైపోతుంది అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పొగ ఆరిపోయాక గోడలకు, బట్టలకు, సీట్లకు మిగిలే ఈ మడ్డిని థర్డ్ హ్యాండ్ స్మోక్ అంటారు. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు జొనాథన్ వినికాఫ్ బృందం 2009లో 'పీడియాట్రిక్స్' పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల ఒక కీలకమైన సంగతి బయటపెట్టింది. పొగ పట్టిన ఉపరితలం మీది నికోటిన్ ఊరికే కూర్చోదు. గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి, క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లుగా మారుతుంది. ప్రయోగశాలలో మూడు గంటల్లోనే వాటి మోతాదు పదింతలకు పైగా పెరిగింది. పొగతాగే ఒక మనిషి వాహనం లోపలి ఉపరితలాల మీద కూడా అవి దొరికాయి. నైట్రస్ ఆమ్లం ఎక్కడినుంచి వస్తుందంటే, వాహనాల ఇంజిన్ల నుంచీ, గ్యాస్ పొయ్యిల నుంచీ. ట్రాఫిక్‌లో నిలబడ్డ కారుకు దానికి కొదవేమిటి?

అమెరికాలోని శాన్ డియేగోలో జార్జ్ మాట్ బృందం అమ్మకానికి పెట్టిన పాత కార్లనే పరీక్షించింది. 2008లో వెలువడిన ఆ పరిశోధనలో, పొగతాగిన కార్ల గాలిలో, ధూళిలో, డ్యాష్‌బోర్డు మీద నికోటిన్ స్పష్టంగా ఎక్కువ కనిపించింది. 2010 నాటి మరో విశ్లేషణ ఇంకా నిరాశ కలిగిస్తుంది. కిటికీ దించుకుని తాగడం, సిగరెట్‌ను కిటికీ దగ్గర పట్టుకోవడం, తర్వాత శుభ్రం చేయించడం, సెంటు కొట్టడం, వీటివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కారులో ఎన్ని సిగరెట్లు కాల్చారన్నదే లెక్కకు వచ్చింది.

ఒక పాత కారు ఎక్కితే జబ్బు వస్తుందని ఈ పరిశోధనలు చెప్పడం లేదు. కానీ సీటును నాకే, తడిమిన చేతిని నోట్లో పెట్టుకునే పసిపిల్లలు పెద్దవాళ్లలా సీటు మీద కుదురుగా కూర్చోరు. మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో, ప్రజా రవాణా వాహనాల్లో పొగతాగడం నిషేధం. సొంత కారుకు ఆ నిషేధం లేదు. పిల్లలున్న ఇంటికి కారు కొనేటప్పుడు ఈ విషయాన్ని మైలేజీతో సమానంగా పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా పులుపు, ఆ తర్వాత సబ్బు

వంటసోడా చల్లండి, రాత్రంతా ఉంచి వ్యాక్యూమ్ చేయండి అని అందరూ చెబుతారు. వంటసోడా కొంత పని చేస్తుంది, ముఖ్యంగా పుల్లటి ఆమ్లాల మీద. అది స్వతహాగా క్షారం కాబట్టి ఆమ్లాన్ని చంపుతుంది. కానీ నికోటిన్, పిరిడిన్ కూడా క్షార గుణమున్నవే. క్షారం మీద క్షారం చల్లితే జరిగేదేమీ లేదు. వాటికి విరుగుడు పులుపు.

వంటింటి వెనిగర్‌కు మూడు నాలుగింతల నీళ్లు కలిపి గట్టి ప్లాస్టిక్, స్టీరింగ్, తలుపుల లోపలి భాగాలు తుడిస్తే, ఆమ్లం తగిలిన నికోటిన్ లవణంగా మారుతుంది. లవణానికి రెండు గుణాలు. అది ఆవిరి కాదు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అంటే తడి బట్టతో పాటు బయటికి వచ్చేస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వెనిగర్ నీళ్లు స్ప్రే చేసి ఆరబెట్టి వదిలేయడం. అప్పుడు వాసన తగ్గుతుంది, నికోటిన్ మాత్రం లవణంగా అక్కడే ఉండిపోతుంది, పిల్లల చేతులకు అంటుతుంది. తుడిచిన బట్టను తరచూ జాడిస్తూ, నీళ్లు మారుస్తూ, పసుపు రంగు దిగడం ఆగేదాకా తుడవాలి. లెదర్ సీట్లకు మాత్రం వెనిగర్ వద్దు, లెదర్ క్లీనర్ వాడటం మేలు.

పులుపు పని అయ్యాక సబ్బు. తారు జిడ్డునూ, ఫినాల్ జాతి పదార్థాలనూ నీళ్లతో కలిపి లాక్కొచ్చేది డిటర్జెంటే. బట్ట సీట్లకు షాంపూ వాష్ చేయించేటప్పుడు నురగ తుడిచి వదిలేస్తే సగం పనే అవుతుంది. మురికినీటిని వ్యాక్యూమ్‌తో వెనక్కి లాగే యంత్రం ఉన్నచోటే చేయించాలి. సీటులోంచి లాగిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో వస్తాయి. రంగు తేలేదాకా మళ్లీ మళ్లీ చేయమని అడగాలి. వెనిగర్, వంటసోడా రెండూ ఒకేసారి కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగ తప్ప ఫలితం ఉండదు. వెనిగర్‌ను బ్లీచింగ్‌తో మాత్రం ఎన్నడూ కలపకూడదు. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

సీటు బెల్టును ఎవరూ గుర్తుపెట్టుకోరు. పొగతాగే మనిషి గుండెకు ఆనుకుని, ప్రతి దమ్మునూ దగ్గరగా అందుకున్నది అదే. పూర్తిగా బయటికి లాగి, క్లిప్పు పెట్టి వెనక్కి పోకుండా ఆపి, సబ్బునీళ్లతో రెండు వైపులా రుద్ది, పూర్తిగా ఆరాకే లోపలికి వదలాలి.

పైకప్పు, ఏసీ

వెచ్చటి పొగ పైకి లేస్తుంది. అందుకే డ్రైవర్ తల మీది పైకప్పు లైనింగ్, ఎండ తగలకుండా దించుకునే సన్ వైజర్ అన్నిటికంటే ఎక్కువ పొగ తింటాయి. చేతికి అందుబాటులో ఉన్నా వీటిని కడగడమే కష్టం. పైకప్పు బట్ట వెనుక పల్చటి స్పాంజి పొర, దాని వెనుక అట్ట, మూడింటినీ జిగురు పట్టి ఉంచుతుంది. బాగా తడిపినా, ఆవిరి పట్టినా జిగురు వదిలి బట్ట కిందికి వేలాడుతుంది. మెత్తటి బట్టను క్లీనర్‌లో ముంచి గట్టిగా పిండి, అద్దుతూ కొద్దికొద్దిగా తీయడమే మార్గం. అన్నీ చేశాక కూడా వాసన మిగిలితే దోషి సాధారణంగా ఇదే. కొత్త లైనింగ్ వేయించడం నెలల తరబడి సెంట్లు కొనడం కంటే తెలివైన పని.

ఏసీది వేరే చరిత్ర. అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి పొగతాగితే, కారులోని పొగంతా బ్లోయర్ గుండా, కూలింగ్ కాయిల్ మీదుగా పదేపదే తిరుగుతుంది. కాయిల్ చల్లగా, తడిగా ఉంటుంది కాబట్టి నీళ్లలో కరిగే పదార్థాలన్నీ దాని మీద చేరతాయి. మర్నాడు ఏసీ వేసిన మొదటి నిమిషంలో వచ్చే కంపు అక్కడిదే. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనుక ఉండే ఏసీ ఫిల్టర్‌ను మార్చాలి. ఊది, దులిపి మళ్లీ పెట్టడం వల్ల వాసన పోదు. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ దొరికితే అది వేయించండి. కాయిల్‌ను మెకానిక్ చేత నురగ క్లీనర్‌తో కడిగించాలి. ఆ మురికి, కారు కింద ఉన్న ఏసీ నీళ్ల గొట్టం గుండా దిగిపోతుంది. ఇదంతా సీట్ల పని పూర్తయ్యాకే చేయించాలి. ముందే చేయిస్తే సీట్ల నుంచి లేచే వాసన కొత్త ఫిల్టర్‌కే పడుతుంది.

---

బాక్సు: బొగ్గు, ఓజోన్

వాసన పీల్చే సంచుల్లో ఉండేది యాక్టివేటెడ్ బొగ్గు. కొబ్బరి చిప్పల బొగ్గును 800 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరితో శుద్ధి చేస్తే లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుంటాయి. ఒక్క గ్రాము లోపలి ఉపరితలం వెయ్యి చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్ల స్థలమంత. పొయ్యి బొగ్గుకు ఈ గుణం లేదు. అయితే ఎంత మంచి బొగ్గైనా తన దాకా వచ్చిన అణువునే పట్టుకోగలదు, స్పాంజిలోకి వెళ్లి లాక్కురాలేదు. వేడెక్కిన బొగ్గు పట్టుకున్నదాన్ని కొంత వదిలేస్తుంది కూడా. ఎండవేళ తీసేసి, రాత్రిళ్లు కారులో ఉంచితే ఎక్కువ ప్రయోజనం.

ఓజోన్ యంత్రం రెండు వైపులా పదునున్న ఆయుధం. మూడు ఆక్సిజన్ పరమాణువుల ఈ వాయువు కొన్ని వాసన అణువులను విరగ్గొడుతుంది. కానీ పిరిడిన్ లాంటివి దానికి సులువుగా లొంగవు, నికోటిన్‌ను తాకితే ఫార్మాల్డిహైడ్, అతిసూక్ష్మ ధూళి పుడతాయి. నిమ్మ వాసన సెంట్లలోని లిమోనిన్‌తో కలిసినా ఫార్మాల్డిహైడే. రబ్బరు బీడింగులు పగుళ్లిస్తాయి, ఊపిరితిత్తులు మండుతాయి. కడగడం పూర్తయ్యాక ఆఖరి అంకంగా, తెలిసినవాళ్ల చేత, కొద్దిసేపే వాడించాలి. ఆ తర్వాత గంటల పాటు తలుపులు తెరిచి ఉంచాలి. కడగకుండా ఓజోన్ పెట్టే దుకాణానికి డబ్బు ఇవ్వకండి.

---

ఎండను వాడుకోవడం

కడిగాక కూడా లోతున కొంత మిగులుతుంది. దాన్ని తీయగలిగింది వేడి, గాలి, కాలం. తెలుగునాట ఫిబ్రవరి నుంచి మే దాకా వేడికి లోటు లేదు. అయినా చాలామందికి ఫలితం రాదు, ఎందుకంటే కారును రోజంతా మూసి ఎండలో పెట్టి సాయంత్రం లోపలికి తెస్తారు. ఎండకు స్పాంజిలోంచి లేచిన అణువులు బయటికి దారిలేక లోపలి గాలిలోనే ఉండిపోతాయి, చల్లబడగానే తిరిగి అదే స్పాంజిలోకి దిగుతాయి. పొద్దున ఎంత ఉందో రాత్రికీ అంతే.

చేయాల్సింది, కారు బాగా కాగినప్పుడే తెరవడం. రెండు మూడు గంటలు మూసి ఉంచి, మధ్యాహ్నం నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి పావుగంట గాలి ఆడనివ్వాలి. మళ్లీ మూసి, మళ్లీ తెరవాలి. వేడిలో తెరిచిన ప్రతిసారీ కొంత సరుకు శాశ్వతంగా వెళ్లిపోతుంది. ఆ వేడి కారులోకి వెంటనే ఎక్కి కూర్చోకూడదు, ఎందుకంటే వాసన అణువులు గాలిలో ఎక్కువగా ఉండేది అప్పుడే. వానాకాలంలో సీట్లు కడిగిస్తే స్పాంజి ఆరక బూజు పట్టి, సిగరెట్ కంపుకు ముక్క వాసన తోడవుతుంది. ఎండ కాసేదాకా ఆగడం మంచిది.

కొనబోయే కారును పరీక్షించడానికీ ఇదే సూత్రం పనికొస్తుంది. ఉదయం పూట కాకుండా, ఎండలో మూసి ఉంచిన కారును మధ్యాహ్నం చూపించమనండి. తలుపు తీసిన మొదటి క్షణంలోనే వాసన చూడండి, రెండు నిమిషాలు కూర్చుంటే ముక్కు మరచిపోతుంది. పొగతాగనివాళ్లను వెంట తీసుకెళ్లండి. డ్రైవర్ తల మీది పైకప్పును తడి తెల్లబట్టతో అద్దండి, సీటు బెల్టు మొత్తం లాగి చూడండి, గ్లవ్ బాక్స్ విప్పి ఫిల్టర్ తీయించండి. లోపలి గాలిని తిప్పే బటన్ నొక్కి బ్లోయర్ పూర్తిగా తిప్పండి. సెంటు ఘాటుగా కొట్టి ఉంటే దాన్ని కడిగించి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూపించమని అడగండి. పొగ ఉందని తేలినా కారు నచ్చితే, పైకప్పు లైనింగ్, ఫిల్టర్, కాయిల్ శుభ్రం, సీట్ల ఎక్స్‌ట్రాక్షన్ వాష్, ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు ముందే కనుక్కుని ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి.